నీళ్లొచ్చినయ్ అమ్మా

మూసాపేటలో మా పై వాటాలో ఒక జర్మన్ ఇంజనీరు అద్దెకుండేవాడు. మాదాపూర్‌లో లేస్తున్న కొత్త ఆఫీసులకు లిఫ్టులు బిగించడానికి వచ్చాడు. దిగిన వారంలోనే మా ఓనరమ్మ ఆయనతో, "నల్లా వస్తే పక్కింటోళ్లకు జర చెప్పాలె సారూ" అంది. ఆమె మాటవరసకు అన్నదాన్ని నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన దాన్ని తన డ్యూటీ అనుకున్నాడు. అప్పటినుంచి నీళ్లొచ్చిన ప్రతి తెల్లవారుజామునా లుంగీ ఎగ్గట్టుకుని, గల్లీలో ఒక్క తలుపూ వదలకుండా తట్టి, "నీళ్లొచ్చినయ్ అమ్మా" అనేవాడు. మేము లేచి బిందెలు పట్టుకునేవాళ్లం.

పని అయిపోయి ఆయన వెళ్లిపోయిన మర్నాడు నల్లా వచ్చింది, పోయింది. గల్లీలో ఒక్క బిందె నిండలేదు. ఓనరమ్మ ఖాళీ బిందెతో మా గుమ్మంలో కూలబడింది.

"పోయిండని తెల్సి గూడ, తలుపు కొడ్తడనే పండుకున్న బిడ్డా."