ఆదివారం వస్తానన్న అక్క

చేవెళ్ల నుంచి వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్న ఆవిడ చేతిలో ఎర్ర ఊలుదారం కంకణం చూడగానే గుర్తుపట్టాను. అంతకు వారం ముందే మా చర్చికి విదేశాల నుంచి వచ్చిన బృందం చేవెళ్లలో ఐదు రోజులు పిల్లల శిబిరం నడిపింది. ఆఖరి రోజు పిల్లలకు కట్టిన కంకణం అది. సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు సెలవు పెట్టి, వాళ్ల ఇంగ్లీషును పిల్లలకు తెలుగులో చెప్పింది నేనే.

"మొయినాబాద్‌ల తెల్లోళ్లు దిగిన చర్చి ఎరుకేనా అన్నా?" అని అడిగింది.

"ఎందుకమ్మా?"

"నా బిడ్డ దవాఖానల ఉన్నది. మూడు దినాలసంది ముద్ద ముట్టలే. తెల్లక్క ఆదివారం వస్తనన్నదట. రాకపాయె. ఆమె వచ్చినంకనే తింటనని మంకు పట్టింది. గుర్తువడుతదని ఇది ఇచ్చి తోలింది. కాళ్లు మొక్కయినా తోలుకపోత."

"వాళ్లు వెళ్లిపోయారమ్మా. విమానమెక్కి వారమైంది."

ఆవిడ కంకణాన్ని పిడికిట్లో బిగించింది. మొయినాబాద్ వచ్చింది. తిరుగు బస్సు కోసం లేస్తూ నా వైపు చూసింది.

"పసిపోరితోని గట్ల ఎట్ల చెప్పిందన్నా? బిడ్డకు నేనేం చెప్పాలె?"

ఆవిడ దిగి, రోడ్డు దాటి, చేవెళ్ల వైపు నిలబడింది.

ఆ విదేశీ అమ్మాయి ఆదివారమని అనలేదు. దేవుడి చిత్తమైతే ఎప్పుడో ఒకనాడు వస్తానంది. పిల్లలు ఏడుస్తుంటే చూడలేక, ఆదివారం అన్నది నేను.