ఏటి నడుమ నుంచి వెనక్కి

నా చిన్నప్పుడు మా అవ్వ తుంగభద్రకు రోజూ దండం పెట్టేది గానీ, పుట్టి మాత్రం ఎక్కేది కాదు. ఆమె పుట్టింది కోయిలకుంట్ల పక్క మెట్టపల్లెలో. చేదబావి నీళ్లు తప్ప వేరే నీళ్లు ఎరగదు. మా తాతేమో కర్నూలుకు దిగువన ఏటిలో పుట్టి నడిపేవాడు. వెదురు అల్లి తోలు కప్పిన గుండ్రటి పడవ అది, పెద్ద గంపలా ఉండేది. ఊరందరినీ దాటించే మనిషి పెళ్లాన్ని దాటించలేకపోయాడని గట్టు మీద నవ్వుకునేవాళ్లు.

మా మేనత్తను అవతలి ఒడ్డు ఊరికిచ్చారు. ఎండాకాలం ఏరు ఎండితే అవ్వ ఇసుకలో నడిచిపోయి కూతుర్ని చూసొచ్చేది. ఆ ఏడు వానలకు ఏరు నిండింది. అత్తకు రెండో కానుపు దగ్గర పడింది. వాళ్లమ్మను రమ్మని కబురు పంపింది. అవ్వ గట్టు దాకా వచ్చి, నీళ్లను చూసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

మరుసటి పొద్దున తాత పుట్టిని ఇసుకలోనే పెట్టి, అవ్వను అందులో కూర్చుని చెనిక్కాయలు ఒలవమన్నాడు. నన్నూ తోడు కూర్చోబెట్టాడు. అవ్వ కుదురుకున్నాక మెల్లగా పుట్టిని నీళ్లలోకి జరిపాడు. అది కదలగానే ఆమె రెండు చేతులా అంచు పట్టుకుంది.

"భయమైతే వెనక్కి తిప్పమను. యాడుంటే ఆడ్నుంచే తిప్పుతా" అన్నాడు తాత.

వెంటనే "తిప్పు" అంది. బారెడు దూరం కూడా పోలేదు. తిప్పాడు. మళ్లీ పోయాం, మళ్లీ తిప్పమంది, మళ్లీ తిప్పాడు. ఆ మరునాడూ అదే పని.

"ఏం మామా, పెళ్లాన్ని యాడికీ తీస్కపోకుండా ఉత్తగా తిప్పుతాండావే" అని గట్టు మీద ఒకాయన ఎగతాళి చేశాడు.

"ఏరు యాడికీ పోదులేప్పా" అన్నాడు తాత.

ఒకనాడు సగం ఏరు దాటాం. అవతలి ఒడ్డున బట్టలుతికేవాళ్లు కనబడుతున్నారు. అప్పుడు అవ్వ కళ్లు మూసుకుని "తిప్పు" అంది. తాత తెడ్డు ఒక్క క్షణం ఆగింది. ఇంకొంచెమేగా అనలేదు, తిప్పాడు. నాకు ఏడుపొచ్చింది.

గట్టుకొచ్చాక అవ్వ దిగి, ఇసుకలో కాసేపు నిలబడింది. తర్వాత తనే వచ్చి పుట్టిలో కూర్చుంది. "నడుమ నుంచి కూడా తిప్పుతావో లేదో చూసినా. ఇంక పోదాం పా" అంది. ఈసారి ఆమె చేతులు ఒళ్లో ఉన్నాయి. ఏటి నడుమ ఒక చెయ్యి నీళ్లలో పెట్టి, "ఇంత సల్లగుంటాయా" అని తాత మీద చిలకరించింది. తాత అంతలా నవ్వడం నేను ముందెప్పుడూ చూడలేదు.

కానుపుకు అవ్వ కూతురి పక్కనే ఉంది. ఆ తర్వాత ఏ పనీ లేకపోయినా సాయంత్రాలు ఇద్దరూ పుట్టిలో తిరిగొచ్చేవాళ్లు. తాత పోయాక మాత్రం ఆమె మళ్లీ ఎక్కలేదు. తిప్పమంటే తిప్పేవాడు లేడు అనేది.

రెండువేల సంవత్సరం దాటినాక, నేను కాపురమున్న మైదుకూరులో మా ఆయనకు పక్షవాతం వచ్చింది. వీధిలోకి రావాలంటే పడిపోతానని భయం. నేను తాత మాటే చెప్పాను. గడప నుంచి తిప్పమన్నా తిప్పాను, మలుపు నుంచి తిప్పమన్నా తిప్పాను. కడకు టీ అంగడి దాకా పోయి, బల్ల మీద పక్కపక్కనే కూర్చుని టీ తాగాం.

మళ్లీ జబ్బు చేసి కడప ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకుని "ఇంటికి పోదాం" అన్నాడు. ఇంకొన్నాళ్లు ఉంచుదామని పిల్లలు బతిమాలారు. ఇంకొంచెమేగా అనే మాట నా నోటి దాకా వచ్చింది. అనలేదు. ఇంటికి తెచ్చుకున్నాను.

ఇంటికొచ్చాక ఆయన ఎన్నో రోజులు లేడు. ఆసుపత్రిలోనే ఉంటే ఇంకొంత కాలం బతికేవాడేమో, నాకు తెలియదు. ఇంటికి తెచ్చిన రోజు దారి పొడుగునా ఆయన చెయ్యి నా మణికట్టు పట్టుకునే నా ఒళ్లో ఉండింది. మైదుకూరు కనబడే వేళకు ఆ పట్టు వదులైంది. ఏటి నడుమ అవ్వ చెయ్యిలా తేలిగ్గా ఉండింది. ఆ చేతి బరువే ఇప్పటికీ నా ఒళ్లో ఉంది.