పనస పంగ మీద సుద్ద గీత

నాన్న చనిపోయిన రెండో నెలలో చిన్నాన్న గొడ్డలి తీసుకుని ఊరి అవతలి పేట నిమ్‌పురా నుంచి మా ఇంటికి వచ్చాడు. మేముండే తాల్‌బగీచాలో మా పెరటి పనస చెట్టును కిందటేడు వేసవిలో వచ్చే కాలబైశాఖి తుఫాను గాలి వేళ్లతో పెకిలించింది. మంచి ముక్కలన్నీ నాన్న పెరటి షెడ్డులోని లేత్ యంత్రం మీద గిన్నెలుగా తిప్పేశాడు. మిగిలింది ఒక్కటే, రెండు కొమ్మలు చీలే పంగ దగ్గరి ముక్క. ఒకవైపు బెరడు, ఒకవైపు రంపపు కోత, ఇంకోవైపు ఉబ్బెత్తు మూల. గిన్నె అంచు ఎక్కడ రావాలో దాని మీద సుద్దతో వలయం గీసి పెట్టుకున్నాడు. గీసిన వారానికి ఆసుపత్రిలో చేరాడు, తిరిగి రాలేదు.

ఆ వలయం కొలతకే గిన్నె రావాలని నేను పట్టుబట్టాను.

అన్నదమ్ములిద్దరూ రైల్వే వర్క్‌షాప్‌లో టర్నర్లుగా పనిచేశారు. అక్కడ ఒకరు సుద్ద గీత పెట్టిన పనిని ఇంకొకరు ముట్టరు. నాన్న ఇంట్లోనూ అదే నియమం. ఎనిమిదేళ్లప్పుడు నేను తెలియక ఒక గీత చెరిపేస్తే ఇనుప స్కేలుతో కొట్టాడు. మోచేతి మీద మచ్చ ఉంది. ఆ సాయంత్రం ఆయన తిప్పిన గిన్నెలోనే నాకు ముఢీ మరమరాలు పెట్టాడు.

వంకర ముక్కను లేత్‌కి ఎక్కించే ముందు గీత బయట ఉన్నదంతా కొట్టేయాలి. మధ్య నుంచి అన్నివైపులా బరువు సమానంగా ఉండాలి. చిన్నాన్న ముక్కను మొద్దు మీద నిలబెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. ప్రతి దెబ్బకీ పసుపు పేళ్లు ఎగిరి గోడకు తగిలాయి. ఒకటి నా కనుబొమను చీల్చింది. గీత లోపలే ఉన్న ఉబ్బెత్తు మూల దగ్గర పగులు కనిపించి ఆయన ఆగాడు.

"మీ అయ్యకి ఆఖర్న సూపు ఆన్లేదే అమ్మీ. గీత పగులు మీదికెల్లిపోనాది. లోపలికి ఇంకోటి గీసి ఈ మూల కొట్టేద్దాం."

"నాన్న గీత లోపలికి గొడ్డలి రాకూడదు."

"నీకు గిన్ని గావాలా, గీత గావాలా?"

"రెండూ."

"ఆడే మొండోడనుకున్నాను, నువ్వు ఆడి కంటే మొండిదానివి. ఠీక్ హై. ఎగిరితే నన్ననకు."

మూల అలాగే ఉంచి ముక్కను లేత్ మీద తిరిగే ఇనుప పళ్లేనికి నాలుగు మరలతో బిగించాం. వేగం బాగా తగ్గించినా బల్ల నేల మీద గెంతింది. చిన్నాన్న ఉలి ఆనించాడు. మూల వచ్చి ఉలిని బాదింది. రెండోసారి బాదినప్పుడు మరలు ఊడిపోయాయి. ముక్క ఆయన ముంజేతిని కోసుకుంటూ పోయి కిటికీ రెక్కను విరగ్గొట్టింది. ఖాళీ పళ్లెం ఇంకా తిరుగుతోంది. నేను కరెంటు తీగ పట్టుకుని లాగేశాను. బల్ల మీద రక్తం ధారగా కారింది.

"కీ హోలో?" అంటూ, ఏమైందని గోడ అవతల నుంచి పొరుగింటి బెంగాలీ ఆవిడ అరిచింది.

చిన్నాన్న చేతిని లుంగీ చెంగుతో చుట్టుకుంటూ బెంగాలీలోనే జవాబిచ్చాడు. "ఏమీ లేదు బౌదీ, మా అన్నయ్య కొట్టాడు."

ఖరిదా పేటలో డాక్టరు ఆరు కుట్లు వేశాడు. రిక్షాలో తిరిగి వస్తూ ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాతి ఆదివారం కట్టుతోనే వచ్చాడు. సుద్దముక్క నా చేతిలో పెట్టాడు.

"నువ్వే గియ్యి. ఆడి గీత నేను దాటను. వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు దాటలేదు."

పగులు తగలకుండా లోపల చిన్న వలయం గీశాను. నాన్న గీత బయట ఉండిపోయింది. గొడ్డలి ఎత్తాను. మొదటి దెబ్బ పక్కన పడింది. రెండోది సరిగ్గా సుద్ద మీద పడింది. తర్వాత లెక్క లేదు. ఆ స్కేలు దెబ్బకి కొట్టాను, ఆసుపత్రిలో నన్ను గుర్తు పట్టనందుకు కొట్టాను, చెప్పకుండా పోయినందుకు కొట్టాను. మూల విరిగి పడిపోయాక కూడా కొట్టాను. అరచేతుల్లో బొబ్బలు చితికి పిడి జారిపోతోంది.

చిన్నాన్న మంచి చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు.

"సాల్లే అమ్మీ. ఇంకొక్కటి కొడితే నీ గీత కూడా మిగల్దు."

ఆ మధ్యాహ్నం ఆయన ఎడమ చేత్తో ఉలి ఆనిస్తే, నేను ఆయన వెనక నిలబడి ఉలి పిడి పట్టుకున్నాను. ముక్క అదరకుండా తిరిగింది. వచ్చిన గిన్నెలో గుప్పెడు ముఢీ పడుతుంది.