పాపను క్లాసుకు తెచ్చిన మేడం

మొదటి పీరియడ్‌కు బయలుదేరుతుంటే బద్వేలు నుంచి నా డిగ్రీ స్నేహితుడు ఫోన్ చేశాడు. "మన జువాలజీ మేడం పోయిందప్పా. గుండె ఆగిపోయిందంట. మధ్యాన్నమే తీస్తారంట. నువ్వు యాడుండావు?" అన్నాడు. కోయిలకుంట్ల జూనియర్ కాలేజీలో ఇప్పుడు నేను చెప్పేదీ జువాలజీయే. సెలవు చీటీ రాసిచ్చి కడప బస్సెక్కాను. దారి పొడవునా మేడం కూతురి గురించే ఆలోచించాను. ఆ పిల్లకు అమ్మ తప్ప ఎవరూ లేరు.

మేడం మెత్తని మనిషి కాదు. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి పాఠం మొదలుపెట్టేవారు. తప్పు చెబితే గంట కొట్టేదాకా నిలబెట్టేవారు. కణ విభజన పాఠానికి మాత్రం గడియారం వైపు చూసేవారు కాదు. "ఒక కణం రెండు కావాలంటే ముందు లోపల కట్టిందంతా కూలగొట్టాల" అనేవారు. కైనేజ్ అనే ఎంజైము కేంద్రకం గోడను నిలబెట్టే పోగుల వలకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. వల విడిపోయి గోడ కూలుతుంది. రెండు కొసల నుంచి సన్నని దారాలు వచ్చి క్రోమోజోములను పట్టుకుంటాయి. అప్పుడు సెపరేస్ అనే ఇంకో ఎంజైము, వాటిని జంటగా పట్టి ఉంచిన కట్టును కోసేస్తుంది. "ఒక్కదానికి దారం తగులుకోకున్నా ఆ కోత ఆగాల. తొందరపడి కోస్తే మళ్ళీ అతికేది లేదప్పా" అని ఒక్కొక్కరినీ లేపి చెప్పించేవారు.

ఆ మరుసటి పాఠం, ఆ కోత తప్పితే ఏమవుతుందన్నది. పుస్తకంలో, ఒక క్రోమోజోము ఎక్కువై డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన ఒక పిల్లవాడి ఫొటో ఉంది. వెనక బెంచీలో కూర్చున్న నేను, "మా ఊర్లో గూడా ఇట్లాంటి మెంటలోడు ఒకడుండాడు మేడం" అన్నాను. క్లాసంతా నవ్వింది. నాకు గొప్పగా అనిపించింది.

మేడం సుద్దముక్క కింద పెట్టారు. "నా బిడ్డ గూడా అట్లాంటిదే. రేపు పిల్చుకొస్తా. ఎదురుగా చూసి నవ్వుదురు" అన్నారు.

నిజంగానే తీసుకొచ్చారు. పదేళ్ల పిల్ల. రెండు జడలు, కొత్త గౌను. మా అందరి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నన్ను లేపి, పిల్ల పక్కన నిలబడి ఎంజైము ఎక్కడ తప్పిందో చెప్పమన్నారు. వెళ్ళి పిల్ల పక్కన నిలబడ్డాను. "చెప్పు. నిన్న బాగా మాట్లాడితివే. మెడ చూడు, కండ్లు చూడు, చూపించి చెప్పు" అన్నారు. మేడం గొంతు పెరిగేకొద్దీ పాప బెదిరిపోయింది. గౌను తడిసి, కుర్చీ కిందికి కారింది. ఎవరూ నవ్వలేదు. మేడం తన కొంగుతోనే నేల తుడిచి, పాపను ఎత్తుకొని వెళ్ళిపోయారు.

వారం తర్వాత క్షమాపణ అడగడానికి ఇంటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి, "నువ్వు అన్నది ఒక్క మాటప్పా. నేను చేసింది అంతకన్నా పాపం. నీ మీద కసి దాని మీద తీర్చుకుంటి" అన్నారు. పాప ఆ తర్వాత కాలేజీ గేటు కనిపిస్తే చాలు, ఏడ్చేది. మళ్ళీ మేడం దాన్ని ఆ దారిన తీసుకురాలేదు.

ఉద్యోగం వచ్చాక అప్పుడప్పుడూ వెళ్ళేవాణ్ణి. ఒకసారి టీ ఇస్తూ చెప్పారు. పాప పుట్టినప్పుడు అత్తగారు శాపమంది, పోయిన జన్మ పాపమంది. శాపం కాదని రుజువు చేయాలని మేడం కాగితం మీద బొమ్మ గీసి, క్రోమోజోములు విడిపోయేటప్పుడు జరిగే పొరపాటు ఇదని అంతా వివరించారట. ఎక్కువసార్లు అది తల్లి అండంలోనే జరుగుతుందన్న మాట కూడా దాచలేదు.

"మా అత్త శానా సేపు ఇన్నాది. ఇని, 'అంటే తప్పు నీదే గదా' అనె. మా ఆయన ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకొని పోయినాడు. మళ్ళా రాలేదు" అన్నారు. నేను టీ తాగేసి గ్లాసు కింద పెట్టాను. "అయినా అబద్ధం చెప్పలేంగదప్పా" అని ఖాళీ గ్లాసు అందుకున్నారు. ప్రతి సంవత్సరం ఆ పాఠం చెప్పారు. తల్లి అండం అన్న ఆ ఒక్క మాట ఏనాడూ దాటవేయలేదు. ఈరోజు నా క్లాసులో ఆ ఫొటో చూసి నవ్వబోయే పిల్లలతో ఎలా మాట్లాడాలో నాకు తెలుసంటే, అది ఆమె పెట్టిన భిక్షే.

నేను చేరేసరికి మేడంను వరండాలో పడుకోబెట్టారు. పాప కనిపించలేదు. మేడం తమ్ముణ్ణి అడిగాను.

"ఎనక రూములో ఉండాది సార్. గడియ పెట్టినాం. చూస్తే గోల చేస్తాది" అన్నాడు.

"వాళ్ళమ్మప్పా. ఒక్కసారి చూడనీ."

"నెల దాకా మేం పెట్టుకుంటాం. ఆనెంక యాడన్నా ఆశ్రమంలో చేర్పించాల. ఇప్పుడు చూసి ఏం చేస్తాది సార్?"

పాడె గేటు దాటాకే గడియ తీశారు. నేను పాడె వెంట వెళ్ళకుండా ఆగిపోయాను. ఇరవై అయిదేళ్లు దాటిన పాప బయటికి వచ్చి, ఖాళీ వరండా చూసి, మెట్టు మీద కూర్చుంది. పక్కన ఒక మనిషికి చోటు వదిలింది. ఎవరో చుట్టమామె అక్కడ కూర్చోబోతే చేయి అడ్డం పెట్టి, "అమ్మ" అంది. ఆమె పాప చేయి పక్కకు తోసి కూర్చుంది. పాప లేచి కింది మెట్టు మీదికి దిగి, మళ్ళీ పక్కన అంతే చోటు వదిలి, గేటు వైపు తిరిగి కూర్చుంది.