ముట్టుకోరాని డబ్బా

సైటులో అందరూ అతన్ని పైవాడనే పిలుస్తారు. పదిహేను అంతస్తుల ఎత్తున క్రేన్ కేబిన్‌లో కూర్చునే మనిషిని ఇంకేమని పిలుస్తారు? ఇవాళ ఇనుము పైకి చేరుతుందా అని ఎవరైనా అడిగితే "అంతా పైవాడి దయ" అంటారు. పొద్దున నిచ్చెన ఎక్కితే మళ్లీ సాయంత్రమే దిగడం. క్యారేజీ, నీళ్ల సీసా, ఫోను అతని భుజం సంచిలోనే పైకెక్కుతాయి. క్రేన్ కదులుతున్నంతసేపూ ఫోను సీటు కింద పెట్టెలో ఉండాలి, అది రూలు. మధ్యాహ్నం విరామం అరగంట. అప్పుడే దాన్ని బయటికి తీస్తాడు.

ఆ అరగంటా అతను ఇంట్లో ఉన్నట్టే లెక్క. తెర పగిలిన పాత కంప్యూటర్‌ను పారేయకుండా సర్వర్‌గా మార్చి హాల్లో గూట్లో పెట్టాడు. ఇంట్లోవాళ్ల ఫొటోలు, భార్య కుట్టే బట్టల డిజైన్లు, వీడియోలు అన్నీ దాని కడుపులోనే. ఎక్కడున్నా ఫోన్లోంచి దాన్ని తెరిచి చూసుకోవచ్చు. పైన గాలికి కేబిన్ ఊగుతుంటే, పెళ్లి ఫొటోలు చూస్తూ అన్నం తింటాడు. ఇంటికొచ్చాక పెళ్లాం ఎదురుగా కూర్చుని ఫోను చూస్తాడు. ఏం చేస్తాం, కొందరంతే!

ఇంట్లో ఉండేది ముగ్గురు. అతను, భార్య, అత్తగారు. ఎనిమిది నెలల కిందట అత్తగారు గూడు దులిపి, ఇస్త్రీపెట్టె పెట్టుకోవడానికి ఆ డబ్బా వైరు పీకేసింది. ఆ మధ్యాహ్నం పైన ఉన్నవాడికి ఇల్లు అందలేదు. సాయంత్రం వచ్చి ఆవిడను ఒక్క మాటైనా అనలేదు. అన్నా బాగుండేది. తెల్లకాగితం మీద పెద్దపెద్ద అక్షరాలతో "ఎవరూ ముట్టుకోరాదు" అని రాసి డబ్బాకి అంటించాడు. రాసింది తను. భార్య ఆ గూటి జోలికే పోదు. ఇక ఆ "ఎవరూ" ఎవరో ఆవిడకు తెలియదా? అప్పటిదాకా "అబ్బాయ్, నువ్వు" అనే మనిషి ఆ రోజు నుంచి "అల్లుడుగారూ, మీరు" మొదలుపెట్టింది. గూడంతా అద్దంలా తుడుస్తుంది, డబ్బా మీది దుమ్ము మాత్రం అలాగే ఉంచుతుంది.

భార్యది కుట్టుపని. అత్తగారి కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకపోతే, ఒక్క చేత్తో తొడుక్కునే జాకెట్టు కుట్టి ఇచ్చింది. అక్కడి నుంచి చేతులు వంగనివాళ్లకు, చక్రాల కుర్చీలో ఉండేవాళ్లకు కుట్టడం మొదలైంది. ఇవాళ రెండింటికి ఆసుపత్రివాళ్లకు వాటిని చూపించాలి. బాగుంటే అక్కడి రోగులందరికీ ఆమే కుడుతుంది. మూడు నెలల నుంచి ఆమె ధ్యాసంతా దానిమీదే. ఆ బట్టలు ఎలా తొడుక్కోవాలో చూపే వీడియోలు డబ్బాలో ఉన్నాయి.

"ఒకటి రెండైనా ఫోన్లో ఎక్కించుకుంటానండీ" అంది పొద్దున.

"దండగ. నీ ఫోన్లో చోటెక్కడిది? అక్కడ నువ్వలా నొక్కితే ఇక్కడి నుంచి ఇలా వచ్చేస్తుంది. నాదీ పూచీ" అన్నాడు పైవాడు.

అన్నవాడు అన్నట్టు ఊరుకోవచ్చుగా! ఒంటిగంటకు విరామం రాగానే డబ్బా ఎలా ఉందో చూద్దామని ఫోన్లోంచి తెరిచాడు. నిక్షేపంలా ఉంది. కాకపోతే ఓసారి ఆపి మళ్లీ మొదలుపెడితే ఇంకా చురుగ్గా పనిచేస్తానని చెప్పింది. సరే అన్నాడు. మళ్లీ మొదలుపెట్టే బొత్తాం పైన ఉంది, పూర్తిగా ఆపేసేది దాని కింద ఉంది. లివర్లు తోసి తోసి మొద్దుబారిన బొటనవేలు కిందిదాని మీద పడింది. "నిజంగా ఆపాలా?" అని అడిగింది పాపం. సగం చదివి అవునన్నాడు.

డబ్బా ఆరిపోయింది. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఆరిపోయినదానికి దూరం నుంచి ఎన్ని చెప్పినా వినపడదు. ఎవరో ఒకరు దగ్గరికెళ్లి వేలితో నొక్కాల్సిందే. భార్య అప్పటికే ఆసుపత్రికి బయల్దేరిపోయింది. నిచ్చెన దిగి, ఇంటికెళ్లొచ్చి, మళ్లీ ఎక్కాలంటే గంట పైన పడుతుంది. చేతిలో ఉన్నది పాతిక నిమిషాలు.

చిత్రమేమిటంటే కేబిన్ అద్దంలోంచి ఇల్లు కనపడుతూనే ఉంది. డాబా మీద నీలం ట్యాంకు, పక్కన కిందికి కట్టిన దండెం, దండెం దగ్గర అత్తగారు. ఫోన్ చేశాడు. అది కింద హాల్లో మోగుతుంటే ఆవిడ పైన ఎడమచేత్తో దుప్పటి అంచు సర్దుతోంది. మళ్లీ చేశాడు. ఆవిడ క్లిప్పు పెట్టింది. మళ్లీ చేశాడు. ఆవిడ క్లిప్పు తీసి ఇంకోచోట పెట్టింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఆరోసారికి ఆవిడ మెట్లు దిగింది. ఏడోసారికి ఎత్తింది.

"అత్తయ్యా, గూట్లో డబ్బా ఆగిపోయింది. ముందువైపు గుండ్రటి మీట ఉంటుంది, ఒక్కసారి నొక్కండి."

"నేనా? ముట్టుకోరాదని రాసుంది కదండీ అల్లుడుగారూ."

"ఆ కాగితం పీకేయండి."

"అంటించినవాళ్లు పీకాలిగానీ నేనెవర్ని?"

"తప్పు నాదే అత్తయ్యా. మీరు తెలియక వైరు తీశారు, నేను తెలిసి కాగితం పెట్టాను. డబ్బాని ఆపింది కూడా నేనే. మీ అమ్మాయి రెండింటికి వాళ్ల ముందు నిలబడాలి. చూపించడానికేమీ లేదు. తనకి మాటిచ్చాను."

అవతల గూటి వైపు నడిచిన అడుగుల చప్పుడు వినపడింది.

"నేను జాకెట్టు తొడుక్కున్న వీడియో కూడా అందులోనే ఉందా?"

"మొదటిదే అది."

"అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అని ఊరికే అన్నారా! ఉండండి." చర్రున కాగితం చిరిగిన చప్పుడైంది. "నొక్కాను. పచ్చ దీపం రెండుసార్లు ఆరి వెలిగింది. రోజూ పొద్దున మీరు నొక్కినప్పుడూ అంతేగా."

"మీకెలా తెలుసు?"

"ముట్టుకోవద్దన్నారు, చూడొద్దని రాయలేదుగా!"

డబ్బా పూర్తిగా లేవడానికి అయిదారు నిమిషాలు పడుతుంది. విరామానికి మిగిలింది రెండే. "పని జరిగిందని మీ అమ్మాయి ఫోన్ చేస్తే, దండెం మీద ఎర్ర దుప్పటి వేయండి. నాకు కనపడుతుంది" అని చెప్పి ఫోను పెట్టెలో పెట్టేశాడు.

రెండయింది. రెండున్నరయింది. కొక్కెం ఖాళీగా ఉన్నప్పుడల్లా ఒక చూపు డాబా మీదికి పోయేది. తెల్ల దుప్పట్లు రెండు, తన చొక్కా ఒకటి, అంతే. పాపిష్టి బొటనవేలు అని తన వేలిని తానే తిట్టుకున్నాడు. మూడు దాటాక కింద సైగలిచ్చే మేస్త్రి వాకీటాకీలో నవ్వు విని అడిగాడు.

"ఏంటన్నా, ఒక్కడివే పైన నవ్వుతున్నావు?"

"ఎర్ర దుప్పటి ఆరేశారు" అన్నాడు పైవాడు.

మేస్త్రికి ఏమీ అర్థం కాలేదు. పైవాడి లీల అనుకుని తరవాతి మోపు కట్టించాడు.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టగానే భార్య ఎదురొచ్చింది. "అమ్మ వీడియో రెండుసార్లు వేయించుకున్నారండీ! నలభై మందికి కుట్టమన్నారు." ఆమె మొహం చూడగానే అతనికి రోజంతటి అలసటా ఎగిరిపోయింది. కుర్చీలో కూర్చున్న అత్తగారు ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి చూస్తోంది.

గూటి దగ్గరికెళ్లాడు. డబ్బా మీద దుమ్ము లేదు. పాత కాగితం ఉన్నచోట కొత్త కాగితం ఉంది. ఎడమచేత్తో రాసిన వంకర అక్షరాలు.

"అత్తగారిని అడగకుండా ఆపరాదు."

"ఇదెవరి కోసం అత్తయ్యా?"

"నాకేం తెలుసు అబ్బాయ్, ఎవరికోసమో! నువ్వు చేతులు కడుక్కునిరా, అన్నం చల్లారిపోతోంది."