పట్టుపురుగుల దుమ్ము, నా ఊపిరి

ఆ రోజు తట్టల్లో పట్టుపురుగుల కింద చేరిన చెత్త తీస్తుంటే తుమ్ములు మొదలయ్యాయి. అది మామూలే. కానీ తుమ్ములు ఆగాక ఛాతీ చుట్టూ ఎవరో తువ్వాలు బిగించి కట్టినట్టయింది. గాలి లోపలికి పోతోంది, బయటికి రావడం లేదు. పిల్లికూతలు నా గొంతులోంచే వస్తున్నాయని కాసేపటికి గానీ తెలియలేదు.

మాది పలమనేరు దగ్గర పల్లె. తొంభైల్లో మా అత్తా నేనూ కలిసి పురుగులు పెంచేవాళ్లం. ఐదేళ్లుగా చేస్తున్న పని కాబట్టి దాని మీద అనుమానమే రాలేదు. ఊళ్లో సూది వేయించుకుంటే తగ్గేది, మళ్లీ వచ్చేది. చివరికి మా ఆయన తిరుపతిలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు.

అక్కడ గొట్టంలోకి ఊదించారు. మందు పీల్పించి మళ్లీ ఊదించారు. రెండోసారి గాలి సులువుగా వచ్చింది.

"ఆస్తమా," అన్నారు డాక్టరమ్మ. నా పని ఏమిటో అడిగి, చేతి మీద స్కిన్ టెస్ట్ చేయించారు. పట్టుపురుగుల నుంచి తీసిన మందు చుక్క వేసినచోట దద్దురు లేచింది.

"ఐదేండ్లు ఏమీ కాలేదే మేడమ్?" అన్నాను.

"అలర్జీ అలాగే వస్తుంది. రోజూ పీల్చగా పీల్చగా ఒళ్లు దాన్ని పడనిదిగా గుర్తుపెట్టుకుంటుంది. ఇక ఆ గదిలోకి వెళ్లకండి."

ఇంటికి రాగానే మా అత్త తేల్చేసింది. "నువ్వు ఆ గడప తొక్కబాకు మే. పురుగుల్ని నేను సూసుకుంటా."

మానేశాను. అయినా పొయ్యి పొగకు ఛాతీ పట్టేసేది. పొద్దుటి చలిగాలికి పట్టేసేది. గట్టిగా నవ్వినా అంతే. నెల తర్వాత మా ఆయనతో వెళ్లి, టెస్టు తప్పేమోనని డాక్టరమ్మతోనే అన్నాను.

ఆమె కోప్పడలేదు. "గాలిగొట్టాల చుట్టూ సన్నని కండరం ఉంటుంది. అలర్జీతో లోపల వాపు వచ్చి, ఆ కండరం చీటికిమాటికి బిగుసుకుపోతోంది. ఇప్పుడు దానికి పురుగే అక్కర్లేదు, పొగ చాలు. పోయినసారి ఇచ్చిన నీలం ఇన్‌హేలర్ ఆ బిగుతును అప్పటికి వదిలిస్తుంది. ఈ రెండోది వాపు తగ్గిస్తుంది, రోజూ వాడాలి. కండరం నెమ్మదించడానికి నెలలు పడుతుంది. ఇంతకీ ఇంట్లో ఇంకెవరైనా ఆ పని చేస్తున్నారా?"

"మా అమ్మ," అన్నాడు మా ఆయన.

"ఆమె బట్టల మీద దుమ్ము ఉండదా?"

మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. ప్రతి సాయంత్రం అత్త ఆ చీరతోనే నా పక్కన కూర్చుని వీపు రాసేది.

విషయం చెబితే ఆమె తన చీర కొంగు చూసుకుంది. "అయితే నేనే మోసుకొచ్చి నీకు ఇస్తా ఉండానా," అంది. ఆ రోజు నుంచి దొడ్లో స్నానం చేసి, చీర మార్చుకున్నాకే లోపలికి వచ్చేది. పట్టుగూళ్ల పంట చేతికొచ్చాక కొడుకుతో, "ఇంక పురుగుల గుడ్లు తేబాకురా. గది కడిగి ఆవుల్ని కట్టుకుందాం," అంది.

నేను భయపడినంత నష్టమేమీ జరగలేదు. పాలతో ఇల్లు గడిచింది. ఒళ్లు బాగుందని ఒకసారి రోజువారీ మందు మానేశాను. మంచు పడిన ఒక ఉదయం ఆసుపత్రికి పోయి, మందును ఆవిరిలా పీల్పించే నెబులైజర్ పెట్టించుకోవాల్సి వచ్చింది. తర్వాత మళ్లీ మానలేదు. ఏడాది తిరిగేసరికి పొగ తగిలితే దగ్గు వచ్చేది, అంతే.

ఇప్పుడు పాలకేంద్రానికి క్యాను నేనే తీసుకెళ్తున్నాను, దారిలో ఆగకుండా.

ఆయాసంతో ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట: డాక్టరు అడిగినా అడగకపోయినా, మీరేం పని చేస్తారో, మీ ఇంట్లో వాళ్లేం పని చేస్తారో ముందే చెప్పండి.