చున్నీ తీసి నిలబడిన రోజు

పోయిన ఎండాకాలంలో ఒక పొద్దున నేను పళ్లు తోముకుని పుక్కిలించబోతే నోట్లో నీళ్లు నిలవలేదు సహోదరులారా, కుడి పక్క పెదవి మీదుగా అన్నీ కారిపోయాయి, ఇదేమిటని అద్దం చూసుకుంటే నా మూతి ఎడమ చెంపకు లాక్కుపోయి ఉంది, కుడి కన్ను మూద్దామంటే మూతపడలేదు! ఆళ్లగడ్డలో తాపీ పని చేసే యోహాను కూతురు రూతు అంటే మీకు తెలుసు, ఆదివారం బడిలో మీ పిల్లలకు పాటలు నేర్పిన దాన్నే. నేను పాఠాలు చెప్పే చిన్న బడి అప్పటికే మూతపడింది. నంద్యాలలో ఇంకో బడి వాళ్లు ఇంటర్వ్యూకు రమ్మన్నారని చీర ఇస్త్రీ చేసి పెట్టుకుని, ఆ రోజు కోసం ఎదురు చూస్తుండగా ఇలా అయింది.

నాయన నన్ను నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ చూసి, భయపడొద్దు, ముఖం కదిలించే నరం దెబ్బతినింది, మందులు వాడి వ్యాయామం చేస్తే మెల్లగా తగ్గుతుంది, కొందరికి మాత్రం కొంచెం వంకర మిగిలిపోతుంది అని చెప్పింది. అన్ని మంచి మాటల్లో ఆ ‘మిగిలిపోతుంది’ అన్న ఒక్క మాటే నా లోపల దిగబడిపోయింది.

ముఖానికి చున్నీ కట్టుకునే ఆ ఇంటర్వ్యూకు పోయాను. బస్సులో ఎవరూ పట్టించుకోలేదు, దుమ్ముకు కట్టుకుందిలే అనుకుంటారు కదా. ఆఫీసు గదిలో మాత్రం చున్నీ తీయమన్నారు. తీశాను. పుస్తకం ఇచ్చి పాఠం చదవమన్నారు. ప, బ, మ పెదవులు కలిస్తే గానీ పలకవు, నా పెదవులు కలవవు, ప్రతి మాటకూ గాలి బుస్సుమని పోతోంది. ఎదురుగా కూర్చున్నాయన నా వైపు చూడలేక తల దించుకుని, “మళ్లీ కబురు చేస్తాంలేమ్మా,” అన్నాడు. ఆయన కసురుకోలేదు, ఎగతాళి చేయలేదు, అయినా ఆళ్లగడ్డ వచ్చేదాకా చున్నీ తడిసిపోయేట్టు ఏడ్చాను.

ఆ తర్వాత నేను బయటికి రాలేదు. తల దువ్వుకోలేదు, అద్దాన్ని గోడకు తిప్పి పెట్టాను, ఒకటే నైటీలో ఉండిపోయాను, ఇంటర్వ్యూకు రమ్మని ఏ బడి వాళ్లు ఫోన్ చేసినా ఎత్తలేదు, మందిరానికి రావడం కూడా మానేశాను. ప్రార్థన చేద్దామన్నా ‘ప్రభువా’ అనే మాట నోట్లో చెదిరిపోయేది, దేవుని దగ్గర కూడా నేను నత్తి దాన్నయిపోయానే అని నోరు కట్టేసుకున్నాను!

అప్పుడు మన పాస్టరమ్మ గారు మా ఇంటికి వచ్చారు. బైబిలు తీసి వాక్యం చదువుతారేమో అనుకున్నాను. ఆమె నా తల వైపు చూసి, “ఏందీ పాపా ఇది? లేయ్, ముందు తలకు పోసుకో,” అన్నారు.

“యాడికి పోవల్లని అక్కా?” అన్నాను.

“యాడికీ పోకున్నా సరే. ఉద్యోగం దేవుడిస్తాడు, జడ నువ్వే ఏసుకోవల్ల.”

ఆమే నీళ్లు కాచి, ఆమే చిక్కు తీసి జడ వేశారు. చిక్కు లాగుతుంటే నొప్పికి ఏడుస్తూ, చాలా రోజుల తర్వాత గట్టిగా నోరు తెరిచాను. ‘యేసయ్యా!’ అన్నాను. ఆ పేరు స్పష్టంగా వచ్చింది సహోదరులారా! ఆ పేరు పలకడానికి పెదవులు కలవాల్సిన పని లేదు! ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు! ఆమె దువ్వెన పక్కన పెట్టి నా తల మీద చెయ్యి ఉంచారు, నేను ఇలా ప్రార్థన చేశాను: “యేసయ్యా, నా ముఖాన్ని నీ చేతికిస్తాండా. బాగు చేస్తావో, ఇట్లనే వాడుకుంటావో నీ ఇష్టం. నన్ను దాక్కోనియ్యొద్దు నాయనా.” మూతి ఆ క్షణంలో సరి కాలేదు, ఉన్నది ఉన్నట్టే చెబుతున్నాను, కానీ గుండె మీది బరువు మాత్రం దిగిపోయింది, దేవునికే స్తోత్రం!

మరుసటి రోజు నుంచి పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, జడ వేసుకుని, అద్దాన్ని ఇటు తిప్పి దాని ముందు కూర్చునేదాన్ని. బుగ్గలు పూరించడం, ఈల వేయడం, డాక్టరమ్మ చెప్పినవన్నీ చేసి, వాక్యం పైకి చదివేదాన్ని. అమ్మ చూసి, “యాడికి పోతాండావే ఇంత పొద్దున?” అని అడిగేది. “యాడికీ లేదమ్మా, పనికి తయారైతాండా,” అనేదాన్ని. అమ్మ నవ్వి, నా కొంగు సరి చేసేది. కన్ను మూతపడడం మొదలైంది, ప, బ, మ కొంచెం కొంచెంగా తిరిగి వచ్చాయి.

చున్నీ లేకుండా మన ఊళ్లోనే ఒక బడికి పోయాను, వద్దన్నారు. బాధపడ్డాను, అయినా తెల్లారి మళ్లీ స్నానం చేసి చీర కట్టుకున్నాను. తర్వాత నంద్యాలలో ఇంకో బడి పిలిచింది. ఆ హెడ్మిస్ట్రెస్ నన్ను నేరుగా రెండో తరగతికి తీసుకుపోయి పాఠం చెప్పమని, తాను వెనక బెంచీలో కూర్చుంది. నేను బోర్డు మీద రాసి తిరిగానో లేదో, ముందు వరసలో ఒక పాప లేచి, “టీచర్, మీ మూతి ఎందుకట్ల ఉండాది?” అంది.

ఒకప్పుడైతే అక్కడి నుంచి బయటికి నడిచేదాన్నే. ఆ రోజు అక్కడే నిలబడ్డాను. లోపలే ‘యేసయ్యా’ అనుకుని, “జబ్బు చేసిందమ్మా, తగ్గుతాంది. ప, బ, మ నాకు ఇంగా సరిగా రావు. మీరు నాతో పాటు అంటారా?” అన్నాను. తరగతంతా ఒక్కసారి “ప!” అని అరిచింది! నేనూ అన్నాను. గాలి కొంచెం పోయింది, పిల్లలు నవ్వారు, నేనూ వాళ్లతో కలిసి నవ్వాను, ఆ నవ్వులోనే పాఠం సాగిపోయింది. బయటికొచ్చాక ఆ మేడమ్, “పిల్లలడిగితే నువ్వు దాచుకోలేదు, నాకది నచ్చింది. సోమవారం నుంచి రామ్మా,” అంది.

దేవునికే మహిమ! ఇప్పుడు నేను రోజూ నంద్యాల బస్సెక్కి పనికి పోతున్నాను. నవ్వితే మూతి ఇంకా కొంచెం ఎడమకే లాగుతుంది, పూర్తిగా పోతుందో లేదో ఆయనకే తెలుసు.

పని పోయి, ముఖం చెల్లక ఇంట్లో తలుపేసుకున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఈ మాటలు వింటుంటే, మీకు ఉద్యోగం వచ్చాక కాదు, రాకముందే యేసయ్య దగ్గరికి రండి. గడ్డం గీసుకుని రండి, తల దువ్వుకుని రండి, అది కూడా చేతకాని రోజైతే ఉన్నవాళ్లు ఉన్నట్టే రండి. ఆయన మిమ్మల్ని చూసి తల దించుకోడు. ఆయనను నమ్మండి, ఆమేన్.